స్క్రూలు లేని జాలీ

“నేనే చంపాను. అలాగే రాసుకోండి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి.”

మెకానిక్ రెండు చేతులూ బల్ల మీద పరిచి కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఇళ్ళలోని స్విమ్మింగ్ పూల్స్‌కి పంపులూ ఫిల్టర్లూ బాగుచేసిన చేతులు. క్లోరిన్‌కి వేళ్ళ చివర్లు పాలిపోయి, గోళ్ళ పక్కన చర్మం పొట్టులా లేచి ఉంది. బుధవారం పొద్దున కంటి డాక్టరు భార్య తన ఇంటి పూల్లోనే చనిపోయింది. ఆ మధ్యాహ్నం పోలీసులు వెతుక్కుంటూ వెళ్ళేలోపే ఇతను తనంతట తాను స్టేషన్‌కి వచ్చి కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఇదే మాట.

డిటెక్టివ్ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆమెని ఈ పని మీద పెట్టింది చనిపోయినావిడ చెల్లెలు.

“చంపారో లేదో తర్వాత చూద్దాం. మంగళవారం ఏం చేశారో చెప్పండి.”

“పూల్ లోతువైపు, అడుగున, ఒక జాలీ ఉంటుందమ్మా. నీళ్ళు దాంట్లోంచి పంపుకి పోతాయి. దాని స్క్రూలు తుప్పుపట్టి తలలు ఊడిపోయాయి. తీసేశాను. సరిపడేవి నా సంచిలో లేవు. గురువారం తెచ్చి బిగిద్దామని జాలీని ఊరికే ఆనించి వచ్చేశాను. ఆ తల్లికి అడుగుదాకా మునిగి, ఊపిరి బిగబట్టి కాసేపు అక్కడే కూర్చునే అలవాటు. జాలీ పక్కకి జరిగింది. జుట్టు ఆ గొట్టంలోకి లాక్కుపోయింది. ఇంకేముంది?”

“పంపుకి నీళ్ళు ఆ ఒక్క దారిలోనే వెళ్తాయా?”

“రెండు దారులు. పైన, నీళ్ళ అంచున, గోడకి ఒక మూతి ఉంటుంది. తేలే ఆకులూ చెత్తా అటు పోతాయి. రెండోది అడుగు జాలీ. దేని వాల్వు దానికుంది పంపు గదిలో.”

“మీరు వెళ్ళేటప్పుడు ఆ వాల్వులు ఎలా ఉన్నాయి?”

“అడుగుది మూసేశాను. పైది తెరిచి ఉంచాను. అప్పుడిక అడుగున లాగుడే ఉండదు. చీమ కూడా అంటుకోదు.”

“మరి మీ తప్పేముంది?”

“ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళి చూస్తే అడుగుది తెరిచుందట, పైది మూసుందట. అంటే నేను తిరగేసి తిప్పానన్నమాట.” అతను తన కుడిచేతిని ఎవరిదో పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూసుకున్నాడు. “మూశాననే అనుకున్నాను. ఇక్కడ కూర్చుని అదే తలుచుకుని తలుచుకుని, నా చెయ్యి ఎటు తిరిగిందో ఇప్పుడు నాకే తెలియడం లేదు. అసలు పంపే ఆపేసి రావాల్సింది. నీళ్ళు పచ్చబడతాయని ఆపలేదు. నీళ్ళు పచ్చబడితే ఏమయ్యేదమ్మా? కడుక్కునేవాళ్ళం.”

డిటెక్టివ్ అతను ముక్కు తుడుచుకునేదాకా ఆగింది.

“పూల్లో దిగొద్దని ఇంట్లో ఎవరికైనా చెప్పారా?”

“లేదు.”

ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది.

“వాల్వు సంగతి గుర్తున్న మనిషి, ఆ ఒక్క మాట చెప్పకుండా వచ్చేస్తారా?”

“చెప్పాననే అనుకోండి. ఆ మనిషి మరిచిపోయిందనే అనుకోండి. ఇప్పుడు పేరు చెప్పి ఇంకో ప్రాణం నెత్తిన ఈ బరువు పెట్టమంటారా? నేను మోస్తున్నాను కదా, చాలదా?”

“మరిచిపోయింది అన్నారు. మరిచిపోయాడు అనలేదు.”

మెకానిక్ తల దించుకుని గోటి పక్క పొట్టు లాగాడు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: డాక్టరు, భార్య, డాక్టరు తల్లి. ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు పోయారు.

“పెద్దావిడమ్మా,” అన్నాడు చివరికి. “నన్ను ఎప్పుడూ టీ తాగకుండా పంపలేదు. ఆవిడ జోలికి వెళ్ళకండి.”

* * *

పంపు గది ఇంటి వెనక, పూల్‌కి ఆనుకుని ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఉండాల్సిందే. నేల మీద పంపు, దాని పక్కన మనిషి నడుమెత్తు ఫిల్టరు డ్రమ్ము, దాని నెత్తిన గుండ్రటి మీటరు. గోడ పొడవునా తెల్లటి గొట్టాలు. ఒక మూల క్లోరిన్ డబ్బాలు. ఆ వాసనకి కళ్ళు మండుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అతనూ డిటెక్టివూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందారు. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా పని మొదలుపెట్టింది. అది అతనికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

“సాయంత్రానికి ఫైలు పంపించేస్తున్నాను,” అన్నాడు. “నిర్లక్ష్యం వల్ల మరణం. వాడే ఒప్పుకున్నాడు. నువ్వొచ్చి ఈ గొట్టాలకి జాతకం చూస్తానంటే నాకేం అభ్యంతరం లేదు, తొందరగా చూడు.”

“బాధలో ఉన్నవాడు ఏదైనా ఒప్పుకుంటాడు. నువ్వు ఇంకాస్త గట్టిగా అడిగితే ఎక్కడో ఓడ మునగడం కూడా తన వల్లేనని రాసిచ్చేవాడు.”

“వెటకారం తర్వాత. ఈ వాల్వు చూడు.” అతను వంగి, ‘అడుగు’ అని రంగుతో రాసి ఉన్న గొట్టం మీది ఎర్ర పిడిని పట్టుకుని బలంగా తిప్పాడు. అది కదల్లేదు. “చూశావా? బిగుసుకుపోయింది. ఈ మధ్య ఎవరూ దీన్ని ముట్టుకోలేదు. మూశానన్నది వాడి భ్రమ. ఇది మొదట్నుంచీ తెరిచే ఉంది.”

డిటెక్టివ్ నేల మీద మోకాళ్ళూని, పిడిని కిందనుంచి చూసింది. పైకి కనపడకుండా, పిడి అడుగున వేలెడంత ప్లాస్టిక్ నాలుక ఒకటి ఉంది. దాన్ని పైకి నొక్కి పట్టుకుని తిప్పింది. పిడి వెన్నలో కత్తిలా తిరిగింది.

ఇన్‌స్పెక్టరు రుమాలు దించాడు.

“పొరపాటున ఎవరి చెయ్యో తగిలి తిరక్కుండా పెట్టిన లాకు,” అంది ఆమె పిడిని మళ్ళీ ఉన్నచోటికే తెచ్చి. “తెలిసినవాళ్ళకే తిరుగుతుంది.”

“తెలిసినవాడు ఆ మెకానిక్కేగా! తిరగేసి తిప్పాడు.”

“అయితే ఇటు రా.”

పూల్ అంచున, నీళ్ళు గోడలోకి వెళ్ళే మూతి దగ్గర, ఆమె పలక ఎత్తి లోపలి బుట్టని బయటికి తీసింది. బుట్టనిండా ఆకులు. చేత్తో విడదీస్తే రావడం లేదు. ఒకదాని మీద ఒకటి అంటుకుని, అడుగున ముద్దయిపోయాయి.

“మంగళవారం వెళ్ళేముందు ఈ బుట్ట దులిపి పెట్టానని మెకానిక్ నీకిచ్చిన వాంగ్మూలంలోనే ఉంది. ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. ఈ ఆకులన్నీ ఆ గాలికి రాలినవే. పైవాల్వు అతను మూసేసి వెళ్తే ఇవి ఇందులోకి ఎలా వచ్చాయి?”

“గాలికి కొట్టుకొచ్చి పడతాయి.”

“నాలుగు పడతాయి. ఇలా అప్పడాల్లా నొక్కుకుపోవాలంటే పంపు లాగాలి. అంటే అతను వెళ్ళాక కూడా నీళ్ళు ఈ దారినే పోయాయి. అతను సరిగ్గానే తిప్పాడు. గాలివాన వెలిశాక ఎవరో వచ్చి మార్చారు.”

ఇన్‌స్పెక్టరు బుట్టకేసి చాలాసేపు చూశాడు. ఓడిపోతున్నప్పుడు అతని మీసం ఒకవైపు వంగుతుంది. ఇప్పుడు వంగింది.

“సరే, మరి పంపు సంగతి? ఆవిడ రోజూ ఆరింటికి దిగుతుంది. పంపు రాత్రి పదింటికి ఆగితే మళ్ళీ పొద్దున ఎనిమిదింటికి గానీ మొదలవదు. ఆ రోజు ముందే ఎందుకు మొదలైంది? నేను చెప్తాను. గాలివానకి కరెంటు పోయింది. పంపుని నడిపే గోడ మీది టైమరు తప్పింది. ఖర్మ, అంతే.”

“టైమరు ఎంత తప్పింది?”

“రెండు గంటలు ముందుంది. బుధవారం నుంచీ నా కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు, ఎవరూ ముట్టుకోలేదు. వాల్వుల సంగతీ దీని సంగతీ ఇంట్లోవాళ్ళని ఆ రోజే అడిగాను, ఎవరికీ తెలియదన్నారు.”

“కరెంటు మీద తిరిగే గడియారం అది. కరెంటు పోతే ఆగుతుంది, వచ్చాక ఆగిన చోటునుంచి నడుస్తుంది. వెనకబడాలి కదా. ముందుకెలా వెళ్ళింది?”

ఇన్‌స్పెక్టరు పంపు గది వైపు తిరిగి చూశాడు. గోడ అవతల వీధిలో ఎవరో మోటారుసైకిలు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు.

“డాక్టరు పేరు చెప్పబోతున్నావు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ టైముకి అతను నలుగురితో కలిసి నడకకి వెళ్ళాడు. నలుగురూ చెప్పారు.”

“అందుకే టైమరు తిప్పాల్సి వచ్చింది.”

“కారణం?”

“పోయిన నెల అతను ఒక పేషెంటుకి చెడ్డ కన్ను వదిలేసి మంచి కంటికి ఆపరేషన్ చేశాడు. తప్పు నర్సు మీదకి నెట్టేశారు. ఆ రోజు ఆపరేషన్ గదిలో ఉన్నది ముగ్గురే: డాక్టరు, నర్సు, మత్తుమందు ఇచ్చిన అతని భార్య. విచారణలో నిజం చెప్పేస్తానని, ఆ నర్సు ముఖం చూడలేకపోతున్నానని, ఆవిడ తన చెల్లెలికి ఫోన్లో చెప్పి ఏడ్చింది.”

“ఏడిస్తే సాక్ష్యం కాదు.”

“కాదు. అతను ఈ గదిలోకి వచ్చాడని నా దగ్గర సాక్ష్యం లేదు. వేలిముద్రలు నువ్వూ నీ వాళ్ళూ తుడిచిపెట్టేశారు, ఇప్పుడు నువ్వు పిడి పట్టుకున్నట్టే పట్టుకుని.”

అతను చప్పున చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పంపించబోయే ఫైలు మాట ఆ తర్వాత ఎత్తలేదు. ఆమె వైపు చూడకుండా, “ఆ మెకానిక్ మూడు రోజులుగా అన్నం ముట్టలేదు,” అన్నాడు.

* * *

డాక్టరు తల్లి తన గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో మడిచిన నీలం తువ్వాలు.

“మంచినీళ్ళు తాగుతావా అమ్మా?” అంది డిటెక్టివ్‌ని చూడగానే. లేవబోతే డిటెక్టివ్ వారించింది. ఆమె వేళ్ళు కణుపుల దగ్గర వాచి, వంకర్లు పోయి ఉన్నాయి.

“ఇది కోడలిదా?”

“ఆ రోజు గట్టున పెట్టి దిగింది. తడవనే లేదు.” ఆమె తువ్వాలు నిమిరింది. “జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటాను అత్తయ్యా, ఆరబెట్టుకోలేకపోతున్నా అనేది. నేనే పడనివ్వలేదు. ఇంత జుట్టు ఎవరికుంటుందే అని దెబ్బలాడేదాన్ని. నా మాట తీసెయ్యలేక ఉంచుకుంది.”

ఇన్‌స్పెక్టరు గుమ్మం బయట నిలబడి, చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

“పెద్దమ్మగారూ, మెకానిక్ మీకు ఏం చెప్పి వెళ్ళాడు?”

“ఏమీ చెప్పలేదు.”

“మీ మీదకి రాకూడదని అతను జైలుకి వెళ్ళడానికి సిద్ధపడ్డాడు. మీ పేరు తనంతట తాను చెప్పలేదు, నేనే కనుక్కున్నాను.”

ముసలామె కళ్ళు మూసుకుంది. “జాలీకి స్క్రూలు లేవు పెద్దమ్మగారూ, నేనొచ్చి బిగించేదాకా ఎవర్నీ దిగనివ్వకండి, నీళ్ళ మీద ఆకులు తేలినా సరే, పంపు జోలికి పోకండి అన్నాడు. నేను మరిచిపోయాను. చాలా?”

“మాట పొల్లుపోకుండా అప్పజెప్పారు. మరిచిపోయినవాళ్ళు అలా చెప్పలేరు. ఆ రాత్రే ఎవరికో చెప్పి ఉంటారు.”

ఆమె చేతులు తువ్వాలు మీద బిగుసుకున్నాయి. పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే బయట గేటు చప్పుడైంది, కారు లోపలికొచ్చింది. తలుపు వేసిన తీరులోనే కొడుకుని గుర్తుపట్టింది ఆ తల్లి. ఆ ముఖంలో తెరుచుకోబోయిందేదో మూసుకుపోవడం డిటెక్టివ్ చూసింది.

డాక్టరు గదిలోకి వచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది.

“నేనే చేశాను,” అంది గట్టిగా. “ఆ వాల్వులు నేనే తిప్పాను. గడియారం కూడా. నాకూ దానికీ పడేది కాదు. రాసుకో బాబూ.” ఆ చివరి మాట ఇన్‌స్పెక్టరుతో.

డిటెక్టివ్ చూసింది ముసలామెని కాదు, కొడుకుని. సన్నగా, శుభ్రంగా, చొక్కా మడత నలగకుండా ఉన్న మనిషి. అతని కళ్ళు ఒక్కసారి తల్లి దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలవలేక గోడ మీదకి జారాయి.

“అమ్మకి ఈ మధ్య మనసు బాగుండటం లేదు,” అన్నాడు మెల్లగా. “అప్పుడప్పుడు తను ఏం చేస్తోందో తనకే తెలియదు.”

అమ్మ చెయ్యలేదు అనలేదతను. ఇన్‌స్పెక్టరుకి కూడా అది వినపడింది. డిటెక్టివ్ వైపు తిరిగి చూశాడు.

“అయితే పెద్దమ్మగారూ,” అంది డిటెక్టివ్, “ఎలా తిప్పారో ఒకసారి చూపించండి.”

* * *

పంపు గది ముందు డాక్టరు ఆగిపోయాడు.

“నేను కూడా రావాలా? ఇందులో నేను అడుగుపెట్టి ఎరగను. ఈ మిషన్లు నాకు అర్థం కావు.”

“అక్కడే నిలబడండి, చాలు,” అంది డిటెక్టివ్.

ముసలామె గొట్టాల ముందు కూర్చుంది. ఏది ఏ వాల్వో ఆమెకి తెలియదు. రాసి ఉన్న అక్షరాలు దగ్గరికి వంగి చదువుకుని, ‘అడుగు’ అని ఉన్న ఎర్ర పిడిని రెండు చేతులతో పట్టుకుంది. తిప్పింది. కదల్లేదు. రెండో వైపు తిప్పింది. కదల్లేదు.

“ఆ రోజు తేలిగ్గానే తిరిగింది,” అంది, ఎవరూ అడక్కుండానే.

“నిదానంగా ప్రయత్నించండి.”

ఆమె మోకాలు నేలకి ఆనించి, బరువంతా వేసి లాగింది. వాచిన కణుపులు తెల్లబడ్డాయి. ఊపిరి ఈలలా వస్తోంది. చెంపల మీద చెమటో కన్నీళ్ళో తెలియకుండా కారుతున్నాయి. ఇన్‌స్పెక్టరు ముందుకు అడుగేసి, “ఇక చాలు,” అన్నాడు. డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టింది.

ముసలామె మళ్ళీ లాగింది. చెయ్యి జారి, పిడి అంచుకి తగిలి గోరు సగానికి చీలింది. తెల్లటి గొట్టం మీద రక్తం బొట్లు పడ్డాయి. ఆమె అరవలేదు. పైటకొంగుతో వేలు ఒకసారి ఒత్తుకుని, మళ్ళీ పిడి పట్టుకుంది.

“కిందనుంచి నొక్కాలమ్మా!”

గుమ్మంలోంచి వచ్చింది ఆ కేక.

“కింద లాకుంటుంది, అది నొక్కకపోతే తిరగదు, వదిలెయ్, నీ చెయ్యి...” డాక్టరు అప్పటికే లోపలికి వచ్చేసి, తల్లి పక్కన కూర్చుని ఆ వేలిని తన రుమాలులో చుడుతున్నాడు. రెండు చుట్లు చుట్టాక అతని చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టరు గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

తల్లి తన వేలు వెనక్కి తీసుకుంది.

“నేను చెప్తాలే అన్నావు కదరా,” అంది. గొంతులో కోపం లేదు. “జాలీ ఊడిపోయిందిట, అమ్మాయికి చెప్పరా అంటే, నేను చెప్తాలే నువ్వు పడుకో అన్నావు. పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని నా ముందునుంచే వెళ్ళింది. నువ్వు చెప్పే ఉంటావు, బాగు చేయించే ఉంటావు అనుకుని నేను ఊరుకున్నాను. వెళ్ళొస్తా అత్తయ్యా అంటే వెళ్ళమన్నాను.”

“అమ్మా...”

“ఇంకాసేపు నోరు మూసుకుని ఉంటే నీ బదులు నేను వెళ్ళిపోయేదాన్ని కదరా. ఎందుకు మాట్లాడావు?”

డాక్టరు నేల మీదే కూలబడిపోయాడు. ఇన్‌స్పెక్టరు అతని భుజం పట్టుకుని లేపాడు. పెద్దగా బలం ఉపయోగించాల్సిన అవసరం లేకపోయింది. గుమ్మం దాటుతూ డిటెక్టివ్ వైపు చూసి, “స్టేషన్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. ఆ మెకానిక్‌ని ఇంటికి పంపమను. నేను చెప్పానని చెప్పు,” అన్నాడు. ఆ మాట అతనికి ఎంత కష్టమైందో మీసమే చెప్పింది.

వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యాక డిటెక్టివ్ ముసలామెని లేపడానికి చెయ్యి అందించింది. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. గొట్టాన్ని ఆసరా చేసుకుని తనే లేచింది.

“వాడేనని నీకు ముందే తెలుసు కదా అమ్మా?”

“తెలుసు.”

“నా చేతులకి అది తిరగదని కూడా తెలుసు.”

“తెలుసు.”

“మరి నా చేత ఎందుకు తిప్పించావు?”

డిటెక్టివ్ గొట్టం మీది రక్తాన్ని చూసింది. నిజం చెప్పడం ఆ క్షణంలో ఆమెకి అన్నిటికన్నా కష్టమనిపించింది.

“మీకు నొప్పి కలిగితే అతను ఓర్చుకోలేడేమోనని.”

ముసలామె తల ఊపింది. రక్తపు రుమాలు వేలికి బిగించుకుంటూ, గుమ్మం వైపు నడిచింది.

“ఓర్చుకోలేడు,” అంది వెనక్కి తిరక్కుండా. “చిన్నప్పట్నుంచీ అంతే.”